వృథా నడక

మా అమ్మకు ఎడమ పాదం లేదు. చక్కెర జబ్బు తినేసిందని ఊళ్లో అందరూ అంటారు, అమ్మ కూడా అదే అంటుంది. ఆ జబ్బుకు దారి చూపించింది నేనని నాకు తెలుసు. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను హిందూపురం దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ని. ఇల్లు ధర్మవరంలో. అమ్మా నేనూ, అంతే. చీకటితోనే ప్యాసింజర్ ఎక్కితే పెనుకొండ వచ్చేసరికి తెల్లగా తెల్లవారేది. సాయంత్రం మళ్లీ అదే దారి. సూపర్‌వైజర్ పరీక్షకు చదవాలి, కారుతున్న మిద్దె బాగుచేయించాలి, రేషన్ కార్డు మార్పించాలి, అమ్మను నెలకోసారి సుగర్ పరీక్షకు తీసుకుపోవాలి. ఏదీ తెగేది కాదు. ఆదివారం వస్తే అన్నిటినీ తలుచుకుని ఒక్కటీ చేయకుండా పడుకునేవాణ్ని. సాయంత్రానికి నా మీద నాకే కోపం.

అప్పుడు బెంగళూరు నుంచి ఒకాయన మా ఫ్యాక్టరీకి వచ్చి మూడు రోజులు పాఠం చెప్పాడు. మనం చేసేదాంట్లో సగం వృథాయేనట. ఊరికే నడవడం, ఊరికే ఎదురుచూడడం, అవసరానికి మించి తెచ్చి కుప్ప పోసుకోవడం. సొంత పనులకైనా ఇదే సూత్రమన్నాడు. పనులన్నీ చీటీల మీద రాసి గోడకు మూడు వరుసల్లో అంటించాలి: చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. మధ్య వరుసలో రెండు చీటీలకు మించకూడదు. ఒకటి తెగితేనే ఇంకొకటి.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. ఆ వారమే మా ఇంటి గోడ పసుపు చీటీలతో నిండిపోయింది. పని జరిగిందా అంటే జరిగింది, అబద్ధమెందుకు. మిద్దె కారడం ఆగింది. కార్డు వచ్చింది. పెనుకొండకూ హిందూపురానికీ మధ్య రోజూ నాలుగు పేజీలు చదివి పరీక్ష పాసయ్యాను. చీటీ పీకి మూడో వరుసలో అంటించిన ప్రతిసారీ నేనూ ఒక మనిషినే అనిపించేది. అమ్మ సుగర్ పరీక్ష చీటీ మాత్రం మొదటి వరుస దాటలేదు. అది అయిపోయే పని కాదు కదా, ఈ నెల చేస్తే వచ్చే నెల మళ్లీ ఉంటుంది. నా చేయి అయిపోయే పనుల మీదికే పోయేది.

నా పనులు ఒక దారికి వచ్చాక నా కన్ను అమ్మ మీద పడింది.

అమ్మ పట్టుచీరలు నేసేది. మాది గుంత మగ్గం. గుంతలోకి కాళ్లు దించి కూర్చుని, కింద చెక్కలు తొక్కుతూ నేయాలి. అడ్డం పోగుకు కావాల్సిన పట్టును రెండిళ్ల అవతల ఒకామె కండెలకు చుట్టి ఇచ్చేది. నేను ఆమెను పిన్నమ్మా అనేవాణ్ని. అమ్మ నాలుగు కండెలు తెచ్చుకునేది, అవి అయిపోతే మళ్లీ లేచి పోయేది. పోయిందంటే ఒక ఆకూవక్కా, నాలుగు మాటలూ. ఒక ఆదివారం గడియారం దగ్గర పెట్టుకుని అన్నీ రాశాను. చదివి వినిపించాను కూడా.

"పదకొండు తూర్లు లేసినావు మా. రెండు గంటలు నడకకే పాయె."

"లేయకుంటే ఎట్లరా? కాళ్లు మొద్దుబారతాయి."

"అన్నీ నీ చేతికి అందేట్టు పెడతా. ఇంగ నువ్వు లేసే పనే ఉండదు."

పెట్టాను. రోజూ నేను బండికి పోయేముందే ఆ రోజుకు సరిపడా కండెలు గంపలో, నీళ్లు బిందెలో, ఆకూవక్కా పళ్లెంలో, అన్నీ గుంత పక్కనే. చదువుకున్న కొడుకు చెబుతున్నాడని అమ్మ ఎదురు చెప్పలేదు. చీర రెండు రోజుల ముందే మగ్గం దిగసాగింది. ఫ్యాక్టరీలో ఈ సంగతి చెప్పుకుని మురిసిపోయాను కూడా, సిగ్గు లేకుండా.

ఒకరోజు పిన్నమ్మ నన్ను వీధిలో నిలబెట్టింది. "ఏమప్పా, మీ అమ్మను మగ్గానికి కట్టేస్తివే. ఆయమ్మ కాలికి ఏం గుచ్చుకున్నా తెలీదు. పోయినేడు కుంటుతాంటే నేను చూసి ముల్లు తీసినా. నీకు తెలుసునా?"

"చూసుకుంటాలే పిన్నమ్మా," అని వచ్చేశాను. బండికి టైమైంది. ఆమె మాటను చీటీ మీదికి కూడా ఎక్కించలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్లు మండుతుంది. కావాల్సినప్పుడు కావాల్సినంతే తెచ్చుకోమని ఆ బెంగళూరాయన చెప్పాడు. అమ్మ ఎప్పటినుంచో చేస్తున్నది అదే. గంపెడు కండెలు తెచ్చి కుప్ప పోసింది నేను. నేర్చుకున్న పాఠం కూడా సరిగ్గా నేర్చుకోని మూర్ఖుణ్ని.

వానలు మొదలయ్యే రోజుల్లో ఒక ఆదివారం ఇంట్లో చెడు వాసన వచ్చింది. ఎలుక చచ్చిందనుకుని బియ్యం డబ్బాల వెనకంతా వెతికాను. వాసన మగ్గం గుంతలోంచి వస్తోంది. అమ్మ కాలు పైకి పెట్టించి చూశాను. తొక్కుడు చెక్క పేడు లేచి మడమలో దిగి ఉంది. చుట్టూ నల్లబడిపోయింది. ఎన్నాళ్లయిందో అమ్మకు తెలియదు. ఆ కాలితోనే తొక్కుతూ నేస్తోంది.

హిందూపురంలో డాక్టరు కట్టు విప్పి చూసి ముఖం చిట్లించాడు. పాదం తీసేయాలి, లేకపోతే ప్రాణానికే ముప్పు అన్నాడు. తర్వాత ఆయన అమ్మ మీద కేకలేశాడు. "ఇన్నాళ్లు ఏం చేస్తున్నావమ్మా? లేవవా, నడవవా? చూసేవాళ్లే లేరా ఇంట్లో?"

అమ్మ నా వైపు చూడలేదు. "నాదే తప్పు సార్. మగ్గంలో కూసుంటే నాకు లేసే బుద్ధి పుట్టదు. మావోడు రోజూ చెప్తానే ఉంటాడు, లేసి నాలుగడుగులు తిరగమ్మా అని. నేనే ఇనలే."

డాక్టరు నా వైపు తిరిగాడు. "గట్టిగా చెప్పాలి కదయ్యా, పెద్దవాళ్లు ఊరికే వింటారా?"

"అవును సార్," అన్నాను.