మా ఆవిడ తిట్లకు దక్కిన కోటా

పాత కోటాకు ఈ రోజే ఆఖరు. ఈ రోజు మా ఫారం ఎన్ని పాలు పోస్తే, ఇకమీదట రోజూ అన్నే కొంటామని డెయిరీవాళ్ళు కొత్త రూల్ పెట్టారు. సరిగ్గా ఇవాళే మా పెద్దావు పాలివ్వనని మొండికేసింది.

"మేడం గొంతు ఇనక శాన దినాలాయె సార్. గందుకే చేపుతలేదు," అన్నాడు పాలు పితికే రాజన్న.

మా ఆవిడ పోయాక నేను వినలేకపోయిన ఆమె వాయిస్ మెసేజ్ ఒకటి ఫోన్‌లో ఉంది. ఆవు చెవి దగ్గర పెట్టాను.

"మళ్ళీ గేటు వెయ్యకుండా పోయారా? మీకంటే ఈ ఆవు నయమండీ!"

బకెట్ నిండింది. రాజన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ తిట్లకు నేనెప్పుడూ ఇంత త్వరగా లొంగలేదు. మీ ఇళ్ళలో ఎలాగో చెప్పండి.

రేపు పొద్దున్న కోటా కొలత లేదు. అయినా మళ్ళీ వినిపిస్తాను. ఆవు కోసమేనని రాజన్నతో అంటాను.