పదకొండు గేర్ల సైకిలుతో ఉప్పాడ నుంచి రాజమండ్రికి

రాజమండ్రిలో సైకిలు పందెం ఎంపికలు ఉన్నాయని మా ఆయనకు ఫోనులో కబురు వచ్చింది. మొదటి ముగ్గురిలో ఉంటే స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి పేరు పంపిస్తారు. ఈ ఏడాదితో ఆయనకు వయసు దాటిపోతుంది, ఆ తర్వాత వాళ్ళ నాన్న, మా మామయ్యతో చేపల వేటకు బోటెక్కడమే. ఉప్పాడలో మా వీధి ముందు వరస ఇళ్ళు సముద్రంలో కలిసిపోయాయి. ఇప్పుడు మాదే ముందు వరస. ఉద్యోగం వస్తే అక్కడి నుంచి కదలొచ్చని ఇద్దరం ఆశపడ్డాం. గేరు సైకిలుతో ఇలా బయలుదేరేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

శనివారం తెల్లవారి ఐదున్నరకు ఆటో మాట్లాడుకున్నాం. పిఠాపురం మీదుగా సామర్లకోట స్టేషనుకు గంట పట్టింది, ఐదు వందలు తీసుకున్నాడు. సైకిలును పైన కడుతూ ఆటో అతను, “ఇంత సన్నం టైర్లేంటండి, మన రోడ్లకి ఆగుతాయా?” అన్నాడు. “ఆగవనే కదా నీ ఆటో ఎక్కించాం” అన్నారు మా ఆయన. స్టేషనుకు రైలు టైముకన్నా గంట ముందే చేరాలి, సైకిలును లగేజీలో బుక్ చేయడానికి అంతసేపూ పట్టింది. గేర్ల చుట్టూ పాత చీర చుట్టాను. అక్కడి నుంచి రాజమండ్రికి ఇంకో గంట.

రైల్లో నా ధ్యాసంతా సైకిలు మీదే ఉంది. గురువారం నుంచి గేర్లు మార్చే కుడి లీవరు బిగుసుకుపోయింది. ఎందుకో నాకు తెలుసు. మామయ్య బోటు ఇంజనును పక్కన పెట్టే ముందు ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా గ్రీజు కూరతారు. నేను రోజూ తుడిచే సైకిలుకూ మంచిదేననుకుని, బుధవారం మధ్యాహ్నం లీవరు మీది రబ్బరు తొడుగు ఒలిచి, వేలితో లోపల నిండా అదే గ్రీజు కూరాను. మర్నాడు ఆయన రెండు బొటనవేళ్ళతో లీవరును నొక్కుతుంటే చూస్తూ నిలబడ్డాను. చెబుదామనుకున్నాను, చెప్పకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయాను.

రాజమండ్రిలో దిగాక, ఊళ్ళోనే కోటిపల్లి బస్టాండు దగ్గర సూరిబాబు గారని ఒక పెద్దాయన గేరు సైకిళ్ళు బాగుచేస్తారని తెలిసి అక్కడికి వెళ్ళాం. ఆయన తొడుగు తీసి, లోపల చూసి నవ్వారు.

“ఎవరండీ ఇది కూరింది? సైకిలనుకున్నారా, బోటనుకున్నారా?”

మా ఆయన ఆ గ్రీజును వేలికి రాసుకుని వాసన చూశారు. నా వైపు ఒకసారి తిరిగారు. “నేనేనండి” అన్నారు.

“సన్నటి నూనె రెండు చుక్కలు చాలండి దీనికి. గ్రీజుతో పాటు ఇసకా చేరిపోయింది.” సిరంజితో డీజిలు కొట్టి కడిగితే నల్లగా కారింది. ఆ నలుపులో చిన్న ఇనప ముక్క కాగితం మీద పడింది. “బాగా నొక్కేశారు. లోపలి చక్రానికి పన్ను విరిగింది.”

“ఆ ముక్క దొరుకుతుందాండి?” అన్నారు మా ఆయన.

“విడిగా అమ్మరు. లీవరు మొత్తం మార్చాలి. తెప్పిస్తే పది రోజులు.”

షాపులో వేలాడుతున్న పాత ఏడు గేర్ల సైకిలును సూరిబాబు గారు కిందికి దించి చూపించారు. దాని గేరు మీట ఫ్రేముకే ఉంది. “ఒక మీట, ఒక మర, ఒక తీగ, అంతే. గొలుసు లావు, పళ్ళ చక్రాలు ఉక్కువి. తీగ తెగితే ఏ ఊళ్ళోనైనా వేస్తారు. కాకపోతే గేరు మార్చాలంటే హ్యాండిలు మీంచి చెయ్యి తియ్యాలి. మీ పదకొండు గేర్లది తేలిక, బ్రేకు పట్టుకునే గేరు వెయ్యొచ్చు, పందేనికి బాగుంటుంది. కానీ గొలుసు సన్నం, తొందరగా సాగుతుంది. లీవరు పోతే బాగుచేయడం ఉండదు, మార్చడమే. ఉప్పుగాలిలో ఉండేవాళ్ళకి నేను ఎనిమిదో తొమ్మిదో గేర్లది తీసుకోమంటాను. సామాను చవక, ఎక్కడైనా దొరుకుద్ది.”

“ఆ పాత మీటే దీనికి పెట్టేయండి” అన్నారు మా ఆయన.

“మీ ఫ్రేముకి బిగించే చోటేదండి?”

చివరికి వెనక గొలుసును ఒక మధ్య గేరు మీద నిలిపి మర బిగించారు. నూట యాభై తీసుకున్నారు. ఇంక వెనక గేరు మారదు.

లాడ్జిలో ఉండి, ఆదివారం ఆరింటికి గోదావరి గట్టుకు వెళ్ళాం. నేను చివరి గీత దగ్గర నిలబడ్డాను. ఆఖరి మలుపు దాకా ఆయన ముందున్నవాళ్ళలోనే ఉన్నారు. అక్కడ మిగతావాళ్ళు పెద్ద గేర్లు వేసుకుని సాగిపోయారు. ఆయన కాళ్ళు మాత్రం గిరగిరా తిరుగుతున్నాయి, సైకిలు సాగడం లేదు. ఐదో స్థానంలో వచ్చారు.

తిరుగు రైల్లో ద్వారపూడి దాటాక అడిగాను. “గ్రీజు నేనే పెట్టానండి. తెలుసా?”

“బోటు గ్రీజు వాసన నాకు తెలీదేంటి?”

“మరి అక్కడ నా పేరు చెప్పలేదేం?”

“చెప్తే నువ్వు ఆ పెద్దాయనకి జవాబు చెప్పగలవా?” కిటికీ వైపు తిరిగి, “రేపట్నించీ సైకిలు తుడవక్కర్లేదులే” అన్నారు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

సోమవారం ఆయన మామయ్యతో వేటకు వెళ్ళారు. సైకిలు గోడకు ఆనించి ఉంది. రెండు రకాల సామానులో ఏది మంచిదని ఎవరైనా అడిగితే సూరిబాబు గారి మాటే చెబుతాను: మీ ఊళ్ళో బాగుచేయగలిగిందే మీకు మంచిది. కానీ విరగకుండా నిలవడం సామాను ఒక్కదాని మీదే ఆధారపడదని నాకిప్పుడు తెలిసింది. ఒక్క సలహా. లీవరు బిగుసుకుంటే నొక్కకండి, తొడుగు తీసి డీజిలుతో కడగండి. దాన్ని మీరేమైనా చేసి ఉంటే తొక్కేవాళ్ళకు ఆ రోజే చెప్పండి. గురువారం నేను చెప్పి ఉంటే, అది కడిగితే పోయే గ్రీజే.