ఖాళీ తక్కెడ చూపించమన్న గొంతు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ పూట కూడా లేదు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పాతికేళ్ళు తూకం వేసినవాణ్ణి. ఆరో తరగతితో బడి ఆగిపోతే లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. తూకానికి రానిది లేనట్టే అనుకోవడం నాకు పనిలో వచ్చిన అలవాటు. అందుకే జరిగింది జరిగినట్టు, ఎక్కువా తక్కువా లేకుండా రాస్తున్నాను.

నా భార్య పేరు లోలాక్షి. బారువ దగ్గర పల్లె వాళ్ళమ్మాయి. మా ఫ్యాక్టరీలోనే తూకం కూలికి పప్పు పొట్టు తీసేది. పనిలో చేరిన మొదటి రోజు ఆమె తెచ్చిన పప్పు నేను తూచబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, "ముందు ఖాళీ తక్కెడ సూపించు" అంది. చుట్టూ ఆడవాళ్ళు నవ్వారు. నాకు కోపం వచ్చింది. అయినా ఖాళీగా ఎత్తాను. ముల్లు ఒక పక్కకు వాలింది. తూకం రాళ్ళు వేసే పళ్ళెం అడుగున జీడి జిగురు గడ్డకట్టి ఉంది. అంటే ఎన్నాళ్ళుగానో ఆడవాళ్ళందరి పప్పూ నేను తక్కువ చూపిస్తున్నాను.

ఆ ఏడాదే మా పెళ్ళయింది. పెందరాళే వస్తానన్నా, పూరీ గుడి చూపిస్తానన్నా ఆమెది ఒకటే వేళాకోళం. "ముందు ఖాళీ తక్కెడ సూపించు మావా."

ఆమెకు ఏడు రాళ్ళ కమ్మలు ఉండేవి. ఎడమ కమ్మలో కింది ఎర్రరాయి ఒకరోజు ఊడి పొట్టులో పడిపోయింది. టెక్కలి కంసాలి దగ్గర ఎర్రది దొరక్క తెల్లరాయి పొదిగించాం. కమ్మలు రెండూ కలిపి ఎనిమిది గ్రాముల రెండు వందల మిల్లీలు. ఆయన రాసిచ్చిన చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది.

2001లో ఆమె కిడ్నీలు పాడయ్యాయి. ఊరూరా ఈ జబ్బున్న మా ఉద్దానంలో ఇది వింత కబురేమీ కాదు. విశాఖ ఆసుపత్రి ఖర్చులకు కమ్మలు అమ్మేశాం. తీసి నా చేతిలో పెట్టి ఖాళీ చెవులు ఒకసారి తడుముకుంది. మళ్ళీ తెస్తానన్నాను. నవ్వింది గానీ, ఆ రోజు తక్కెడ మాట ఎత్తలేదు. మరుసటి ఏడాది పోయింది.

ఆ తర్వాత ఆరేళ్ళు టెక్కలిలో, సోంపేటలో, ఎక్కడ పాత నగలు పెట్టినా ఆగి చూసేవాణ్ణి. దొరకవని తెలుసు. అయినా చూసేవాణ్ణి.

2008లో లోలాక్షి తమ్ముడు తారకేశు కాశీబుగ్గలో నెట్ సెంటర్ నడిపేవాడు. పాత వస్తువులు అమ్మే సైట్లు అప్పుడప్పుడే మా వైపు తెలుస్తున్నాయి. అక్కడికొచ్చేవాళ్ళు బండి కొనాలన్నా, కెమెరా కొనాలన్నా ముందు నన్ను అడిగేవారు. వస్తువు చేత్తో పట్టుకోకుండా డబ్బు కట్టొద్దనీ, పాత రసీదు చూడమనీ, అమ్మేవాడు తొందర పెడితే ఒక రోజు ఆగమనీ చెప్పేవాణ్ణి.

ఒక ఉదయం తారకేశు కబురుపెట్టి పిలిచాడు. కంప్యూటర్ తెర మీద ఒక జత కమ్మలు. ఎడమ దానిలో కింద తెల్లరాయి.

"బావా, ఇవి అక్కవేనేటి?" అన్నాడు.

కాగితం మీద అచ్చు తీయించుకుని, కింద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. విశాఖ నుంచి ఒకతను, చాలా మర్యాదగా మాట్లాడాడు. అక్కడే తప్పు చేశాను. తూచేవాడు ఎప్పుడూ ముందుగా బరువు చెప్పకూడదు. నేను "ఎనిమిది గ్రాముల రెండు వందలు ఉంటాయా?" అని అడిగాను.

"కరెక్టుగా అంతే సార్" అన్నాడు.

ఇంకొకరు అడుగుతున్నారట. రెండు గంటలలోపు సగం డబ్బు బ్యాంకులో వేస్తే కమ్మలు కొరియర్లో వస్తాయట. పదిమందికి చెప్పిన జాగ్రత్తలు ఒక్కటీ నాకు గుర్తు రాలేదు. నా కంటి ముందు ఆ తెల్లరాయే ఉంది.

బ్యాంకులో చలానా రాసి వరుసలో నిలబడ్డాను. నా ముందు ఇద్దరే ఉన్నారు. ఖాతా నంబరు ఇంకోసారి సరిచూసుకుందామని అతనికి ఫోన్ కలిపాను. గోడ గడియారంలో పన్నెండూ నలభై.

ఎత్తింది ఆడమనిషి. "ఊఁ" అంది, అంతే. వెనకాల పప్పు చేటలో చెరుగుతున్న చప్పుడు.

"హలో, ఎవరండీ?" అన్నాను.

"ముందు ఖాళీ తక్కెడ సూపించమను మావా."

ఫోన్ కట్టయింది. వరుసలోంచి పక్కకు వచ్చేశాను. నాలుగు నిమిషాలకు మళ్ళీ కలిపితే అతనే ఎత్తాడు. అక్కడ ఆడవాళ్ళెవరూ లేరన్నాడు.

అప్పుడు అడిగాను. "కమ్మలు పెట్టకముందు ఖాళీ కాటా ఒక ఫోటో, పెట్టాక ఒక ఫోటో, పక్కన నా పేరు రాసిన కాగితం ఉంచి పంపండి. లేదంటే నేనే బస్సెక్కి వస్తాను."

"నమ్మకం లేకపోతే మానేయండి సార్" అని పెట్టేశాడు. సాయంత్రానికి సైట్లో ఆ ప్రకటన లేదు. పదిరోజుల తర్వాత టెక్కలి మేష్టారొకరు తారకేశుతో చెప్పారు, కెమెరా కోసం అదే నంబరుకు డబ్బు కట్టి పోగొట్టుకున్నానని.

లైన్లు కలిసిపోయి ఉంటాయని తారకేశు అన్నాడు. కావచ్చు. తెల్లరాయి కమ్మలు లోకంలో ఇంకో జత ఉండొచ్చు. లేదా మావే చేతులు మారుతుంటే ఎవరో తీసిన ఫోటో ఆ మోసగాడికి దొరికి ఉండొచ్చు. తక్కెడ మాట మాత్రం మా ఫ్యాక్టరీ దాటి ఎవరికీ తెలియదు. ఇంకొకటి. ఆ రాత్రి ఫోన్లో కాల్స్ జాబితా చూశాను. ఉదయం చేసినది ఉంది. పన్నెండూ నలభై నాలుగుకు చేసినది ఉంది. పన్నెండూ నలభైకి ఏమీ లేదు.

తర్వాత చాలా నెలలు ఆ నంబరుకు ఫోన్ చేస్తూనే ఉన్నాను, మోసగాడి కోసం కాదు. ఆ నంబరు వాడుకలో లేదని ప్రతిసారీ ఒక ఆవిడ చెప్పేది. ఆవిడ గొంతు వేరు.

ఇది ఏ లెక్కకూ అందలేదు. కమ్మలు రాలేదన్న బాధ కూడా ఇప్పుడు లేదు. ఒక్కటే మనసులో ఉండిపోయింది. ఆరేళ్ళ తర్వాత ఆ గొంతు వినిపిస్తే నేను "ఎవరండీ" అన్నాను. కాపురం చేసినన్నాళ్ళూ లోలాక్షిని ఒక్కసారైనా అండీ అని పిలవలేదు.