పదహైదు చుట్ల లెక్క

మొన్న మా మనవరాలు కొట్టునుంచి జొన్నపిండి పొట్లం తెచ్చింది. మూల కత్తిరించగానే లేచిన వాసన, ఎండకు కాగిన నాపరాళ్ల మీద కొత్త జొన్నలు ఆరబోసినప్పుడు వచ్చే ఆ పొడి వాసన, నన్ను అక్కడే కుర్చీలో కూలేసింది. పిల్ల కంగారుపడి నీళ్లు తెచ్చింది. నాకు వచ్చింది నీరసం కాదు, కోపం. అదీ ఇప్పటిది కాదు, నేను పావడా కట్టుకుని బడికి పోయే రోజులనాటిది.

కోయిలకుంట్ల సంతకు బండ్లు పోయే దారిలో, కుందూ నది ఒడ్డున ఒక ఊళ్లో నేను చదువుకున్నాను. ఊరి పేరు రాయను, నాకు అక్కడ సైన్సు చెప్పిన అయివారి మనవళ్లు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు. మా పల్లెలో బడి ఐదో తరగతితో ఆగిపోతే మా నాయన నన్ను తన అక్క ఓబులమ్మ ఇంట్లో దించి, గుమ్మం దాటకముందే కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. భర్త పోయాక తన నల్లరేగడి చేను తానే చేయించుకుంటూ, మగవాళ్లతో సమంగా గట్టు మీద నిలబడి కేకలేసే మా మేనత్తకు పిల్లల్లేరు. చదువు రాదు. అరచేతులు మాత్రం మా నాయన అరచేతులంత ఉండేవి.

ఆ ఇంట్లో ఎండాకాలమంటే వసారాలో చల్లటి బండల మీద వీపు ఆనించి, తాటిముంజల నీళ్లు మోచేతులదాకా కారుతుండగా తినడం. చలికాలమంటే పొయ్యి పక్కన కూర్చుని కాలీకాలని రొట్టెను శనక్కాయల ఊరుబిండి పచ్చడితో నంజుకోవడం. ఉగాదికి అత్త ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి ఒక్కోదాని మీద వేలు ములిగేంత నెయ్యి పోసేది. పీర్ల పండగకు నిప్పుల గుండం చుట్టూ ఊరు ఊరంతా తిరిగేది. సాయంత్రాలు మేం ఆడపిల్లలం వీధిలో ఒకరి చేతులొకరం పట్టుకుని, వెనక్కి వాలి, ఒప్పులకుప్ప తిరిగేవాళ్లం. ఆకాశం, ఇళ్లు, మేకలు అన్నీ కలిసి ఒక రంగుల గీతైపోయి, చేతులు వదిలితే ఎక్కడ పడతామో తెలియని ఆ భయంలోనే సంతోషమంతా ఉండేది. తిరగడమంటే నాకు అంత ఇష్టం.

హైస్కూల్లో మా తరగతికి నేనొక్కదాన్నే ఆడపిల్లను. సైన్సు చెప్పే అయివారికి కోటు జేబులో గొలుసు గడియారం ఉండేది, మాటమాటకూ తీసి చూసేవారు, అందుకే పిల్లలం ఆయన్ని గడియారం అయివారు అనేవాళ్లం. ఒకరోజు వర్తుల చలనం పాఠం మొదలుపెట్టి బండిచక్రం లెక్క వేశారు: వ్యాసార్ధం రెండడుగులు, నిమిషానికి ముప్పై చుట్లు, చక్రం అంచు ఎంత వేగంతో తిరుగుతుంది? రెండును ముప్పైతో హెచ్చవేసి, అరవై అడుగులని రాసి, కింద రెండు గీతలు గీశారు. నేను మా నాయన బండి వెనక నడిచి పెరిగినదాన్ని. చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి రెండడుగులు కాదు, ఇద్దరు మనుషులు తలా కాళ్లూ కలిపి పడుకున్నంత దూరం పోతుందని నాకు తెలుసు.

“వ్యాసార్ధాన్ని రెండు పైలతో హెచ్చెయ్యల్ల కద సార్, అప్పుడు కదా చుట్టుకొలత వచ్చేది?” అన్నాను.

ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి, నన్ను ముందుకు పిలిచారు. “ఇసుర్రాయి తిప్పుకునేదానికి నీకెందుకే చుట్టుకొలత? తిరుగు, చూద్దాం. రేయ్, ఈ ఇసుర్రాయి అర నిమిషంలో ఎన్ని చుట్లు తిరుగుతాదో లెక్కబెట్టండ్రా,” అని గడియారం తీశారు.

తిరిగాను. ఆగితే బెత్తం ఆడించారు. మగపిల్లలు గొంతు కలిపి లెక్కపెట్టారు, కొన్ని చుట్ల తర్వాత ఆ గొంతులు కూడా నా చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. చివరకు పడిపోయినప్పుడు బల్ల అంచు పెదవికి తగిలి నోరంతా ఉప్పగా అయింది. పావడా సర్దుకునేసరికి తరగతి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. అయివారు గడియారం మూసి, పాఠం కొనసాగించారు. ఆ తర్వాత నేను ఒప్పులకుప్ప ఆడలేదు.

ఇంటికి పోయి, బడి మానేస్తానని ఏడ్చాను. అత్త నా పెదవికి పసుపు అద్దుతూ, నేను చెప్పిందంతా వింది.

“నువ్వు మానుకుంటే వానికి ఓళిగలు చేసి పెట్టినట్టే కదే,” అంది. “వాడు దేంట్లో నిన్ను నవ్వులపాలు చేసినాడో, దాంట్లోనే వాని మొగాన మన్ను గొట్టల్ల. అంతవరకూ ఏడ్సద్దు.”

ఇక ఆదివారం మధ్యాహ్నాలన్నీ విసుర్రాయి దగ్గరే. పైరాయి అంచున ఒక సున్నపు చుక్క, నడిమి మేకు పక్కన ఇంకొకటి పెట్టాను. అత్త జొన్నలు పోసి తిప్పేది, నేను చూసేదాన్ని. రెండు చుక్కలూ ఒక చుట్టును ఒకేసారి ముగిస్తున్నాయి, కాని అంచు చుక్క అంత పెద్ద దారిని అదే సమయంలో చుట్టేస్తోంది. కోణీయ వేగం ఒకటే, సరళవేగం వేరని పుస్తకంలో ఉన్న మాట అప్పుడు నా ఒంటికి పట్టింది. పిడి వదిలేస్తే రాయి మెల్లమెల్లగా ఎట్లా ఆగుతుందో, ఆగేలోపు ఎన్ని చుట్లు వేస్తుందో లెక్కగట్టాను. కుమ్మరి సారె, గడియారం ముల్లు, నేనెన్నడూ ఎక్కని రైలు చక్రం, పుస్తకంలో తిరిగేదాన్నల్లా తిప్పి వదిలాను. ప్రతి లెక్క కిందా జవాబు రాసేటప్పుడు నా కళ్లముందు ఆయన మొహమే ఉండేది. చదువు మీద ప్రేమ అని తర్వాత అందరూ అన్నారు. ప్రేమ కాదు, పగ.

ఆ ఏడు తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తున్నారని బడికి సున్నం కొట్టి తోరణాలు కట్టారు. ముందురోజు అయివారు నన్ను ఆపి, “రేపు నువ్వు రావద్దు,” అన్నారు. మరునాడు అత్త తన ఎర్రచీర కట్టుకుని, చేను పని మానుకుని, నన్ను చేయి పట్టుకుని తీసుకొచ్చి తరగతి గడప దాటించింది. అప్పటికే తరగతిలో ఉన్న ఇన్‌స్పెక్టరు ఎదుట అయివారు నన్ను పొమ్మనలేకపోయారు.

ఇన్‌స్పెక్టరు ముసలాయన, మెత్తగా మాట్లాడేవారు. వర్తుల చలనం అయిందని తెలుసుకుని, “పుస్తకంలో లేని లెక్క ఒకటి మీలో ఎవరైనా కల్పించి చెప్పండి,” అన్నారు. మగపిల్లలు తలలు దించుకున్నారు. నేను లేచాను.

“ఒక అయివారు లెక్క తప్పు చేసినారు సార్. తప్పని చెప్పిన పిల్లను తరగతి ముందర గిరగిరా తిప్పినారు. అర నిమిషంలో ఆ పిల్ల కొన్ని చుట్లు తిరిగి పడిపోయింది. ఆ పిల్ల కోణీయ వేగమెంత?”

“కొన్ని అంటే ఎట్లమ్మా? ఎన్ని చుట్లో చెప్పాలి కదా?”

“నాకు తెలీదు సార్. కండ్లు తిరిగినాయి. లెక్కబెట్టింది వీళ్లు.”

వెనక బెంచీలో ఒకడు, ప్రశ్న అడిగితే జవాబు చెప్పాలన్న అలవాటుకొద్దీ, “పదహైదు సార్!” అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు నా వైపు, నా పెదవి మీది మచ్చ వైపు చూశారు. తర్వాత సుద్దముక్క తీసి అయివారికి ఇచ్చారు. “మీరే చేయండి,” అన్నారు.

అయివారు పదహైదును ముప్పై సెకన్లతో భాగించి అర అని రాశారు. సుద్ద బల్ల మీద పెట్టేశారు. ఇన్‌స్పెక్టరు తల అడ్డంగా ఊపి నన్ను పిలిచారు. నేను ఆ అరను, ఆయన మళ్లీ మరిచిన రెండు పైలతో హెచ్చవేసి, సెకనుకు పై రేడియన్లు అని రాసి, కింద రెండు గీతలు గీశాను. ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దం అంత రుచిగా నా జీవితంలో ఏ పండగ వంటా లేదు.

ఆయన్ని బయటకు తీసుకుపోయి ఇన్‌స్పెక్టరు ఏమన్నారో మాకు వినబడలేదు. ఆ ఏడాది మిగిలిన రోజులన్నీ అయివారు నా బెంచీ వైపు చూడలేదు.

చాలా ఏళ్లకు, నేను కడపలో ఫిజిక్సు లెక్చరరుగా ఉన్నప్పుడు, నంద్యాల బస్టాండులో ఒక ముసలాయన నన్ను గుర్తుపట్టారు. పక్కనున్నాయనతో, “మా శిష్యురాలప్పా. ఈయమ్మకు చక్రాల లెక్కలు నేర్పింది నేనే,” అన్నారు గర్వంగా.

“మీరు కాదు సార్. మా అత్త నేర్పింది,” అని బస్సెక్కాను.

ఇప్పుడు అత్త లేదు, ఆయనా లేరు. బడి ఉన్నచోట వాహనాల షెడ్డు ఉంది. జొన్న ఊగిన నల్లరేగడిలో కంటిచూపు మేర శనగే. ఆ రోజు గొంతు కలిపి లెక్కపెట్టిన పిల్లల్లో ఎందరు మిగిలారో తెలియదు. ఇదంతా విన్నాక మా మనవరాలు కాసేపు నా చేయి నిమిరి, “ముసలాయన కదవ్వా, అప్పుడన్నా క్షమించి ఉండాల్సింది,” అంది.

“ఏంటికి?” అన్నాను.