సాయమ్మ సంపెంగ సీసా

సాయమ్మ మెట్లెక్కుతోందంటే మా అంతస్తుకు ముందు సంపెంగ వాసన వస్తుంది, ఆ తర్వాత సాయమ్మ వస్తుంది. ఆమె దిగి పనికి పోయాక కూడా గదుల ముందున్న గ్యాలరీలో కాసేపు ఆ వాసన నిలబడే ఉంటుంది. మల్లెపూల సెంటు ఇలా కాదు, అది అడిగి లోపలికి వస్తుంది. గులాబీ అయితే ఎదుటివాళ్లను పొగుడుకుంటూ వస్తుంది. సంపెంగకు ఆ మర్యాదలేవీ తెలియవు. సంపెంగ మీద తుమ్మెద వాలదని పెద్దలంటారు. బొంబాయి కామాటిపురలోని మా వరసగదుల చాళ్లో సాయమ్మ మీద మాట కూడా వాలదు. వాలబోయినవాళ్లు ఆమె నోటికి జడిసి లేచిపోతారు.

నేను ఆమె పక్క గదిలో ఉంటాను. జాకెట్లు కుడతాను. మా మధ్య ఉన్నది సన్నని చెక్క గోడ కనుక ఆమె గురించి నాకు తెలియనిది తక్కువే. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి పెళ్లయి ఇక్కడికి వచ్చింది. భర్త మొగులయ్య బిల్డింగులకు రంగులేసేవాడు. కూతురు ప్రతీక్ష బడికి పోవడం మొదలుపెట్టిన ఏడే, పరంజా మీంచి పడి చనిపోయాడు. పదో దినాన సాయమ్మ గాజులు తీశారు, బొట్టు తీశారు, తలలో పూలు తీశారు. ఇక పూలు ముట్టొద్దని మొగులయ్య అన్న బాలయ్య అందరి ముందూ చెప్పాడు. బాలయ్య చెడ్డవాడేం కాదు, తమ్ముడి పిల్లను సొంత పిల్లలా చూసుకున్నాడు. కాకపోతే నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం ఆయనకు ఆకలికన్నా ఎక్కువ.

ఈ సెంటు మొగులయ్య ప్రేమగా తెచ్చిచ్చేవాడేమోనని మీరు కథలల్లకండి. ఆయనకు ఆ వాసనంటేనే తలనొప్పి. సాయమ్మ తనకోసం తానే కొనుక్కుంది. మొగులయ్య పోయిన కొన్నాళ్లకు గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట పూలమ్మే ఆవిడ దగ్గర ఆగి, సంపెంగలు చేతిలోకి తీసుకుందట. ఆవిడ సాయమ్మ నుదుటి వంక చూసి, "నీకెందుకమ్మా?" అని పూలు వెనక్కు లాక్కుంది. పక్కనే సెంటు సీసాల బండి ఉంది. సాయమ్మ ఆ బండి ముందుకు జరిగి, పసుపుపచ్చ మూతతో సంపెంగ బొమ్మ ఉన్న సీసా ఒకటి తెచ్చుకుంది. అప్పటినుంచి రోజూ పొద్దున చెవుల వెనక కొట్టుకుంటుంది, కొంగు చివర కొట్టుకుంటుంది, ఆ తర్వాతే ఇటుకలు మోయడానికి పోతుంది. ఇటుకలు మోసేదానికి సెంటెందుకని మేస్త్రీ నవ్వాడట. "ఇటుకలకు ముక్కు లేదు, నాకున్నది" అన్నదట ఈమె.

మా పేటలో ఆడది సెంటు కొట్టుకోవడం చిన్న విషయం కాదు. రెండు గల్లీల అవతల పొట్టకూటికి గుమ్మాల్లో నిలబడే ఆడవాళ్లున్నారు. వాళ్లను, మమ్మల్ని ఒక గాటన కట్టకూడదని మా పెద్దలు తలుపుల మీద 'ఇది సంసారుల ఇల్లు' అని మరాఠీలో రాయించారు. ఆడపిల్లలు గుమ్మంలో నిలబడకూడదు, గ్యాలరీ లోంచి వంగి చూడకూడదు, ఘాటైన వాసన ఏదీ పూసుకోకూడదు. సంబంధాలు మాట్లాడేటప్పుడు కామాటిపుర అన్న పేరే ఎత్తం. గ్రాంట్ రోడ్‌లో ఉంటామంటాం. మా తాతముత్తాతలు, కూలిపనికి వచ్చిన కామాటీలు, ఈ ఊరికి రాళ్లెత్తి, ఈ పేటకు తమ పేరు తెచ్చారు. ఆ పేరు చెప్పడానికే మాకు సిగ్గు!

అలాంటి చోట సాయమ్మ గుప్పున సంపెంగ కొట్టుకుని గ్యాలరీ పొడుగునా నడిచింది. బాలయ్య వచ్చి నిలదీశాడు.

"గా వాసనేంది సాయమ్మా? నలుగురు మనలను ఎవలనుకుంటరు?"

"పూలు ముట్టొద్దన్నరు, ముట్టలేదు బావా. సీసకు గూడ పదో దినం చేసిర్రా?"

"అవుతలి గల్లీ ఆడోళ్లు పూసుకుంటరు గసొంటివి."

"వాళ్లు అన్నం గూడ తింటరు. నన్ను తినొద్దంటరా?"

ఆ తర్వాత చాన్నాళ్లు బాలయ్య మా గ్యాలరీలో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నడిచాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఏడు ప్రతీక్షకు సంబంధం కుదిరింది. అబ్బాయి పేరు తుషార్, ధారావిలోని తెలుగువాళ్ల పిల్లాడే, ఫోన్లు రిపేరు చేస్తాడు. నిజానికి సంబంధం కుదిర్చింది పెద్దలు కాదు, వాళ్లిద్దరే కుదుర్చుకుని పెద్దలకు చెప్పారు. మాలో నిశ్చితార్థాన్ని పూలు పండ్లు అంటారు. అబ్బాయి వాళ్లు పూలు తెచ్చి పిల్ల తలలో పెడతారు, తర్వాత పండ్లు ఒడిలో పోస్తారు. పిల్ల తల్లి పక్కన కూర్చుని ఆ ఒడి పట్టాలి. పండ్లు ఒడిలో పడితే మాట ఖాయమైనట్టే.

బాలయ్య ముందే తీర్పు చెప్పేశాడు. చాప మీద తానూ తన భార్యా కూర్చుంటారు. సాయమ్మ ఎదుటపడకూడదు, పరదా వెనక గిన్నెలు తోమే మోరీ దగ్గర కూర్చోవాలి. అబ్బాయి తల్లి రాజవ్వకు ఫోనులో, పిల్ల తల్లికి ఒంట్లో బాగాలేదని చెప్పేశాడు కూడా.

"బస్ ఝాలా, ఇగ చాలు పెద్దబాపు! నా పూలు పండ్లల్ల మమ్మీ కూసోకుంటే ఎట్ల?" అని ప్రతీక్ష ఎగిరింది.

"సంబంధం తప్పితే ఎవలు జవాబుదారి? నువ్వా?" అన్నాడు బాలయ్య.

ఆ పిల్లాడంటే ప్రతీక్షకు ప్రాణం. సాయమ్మ కూతురి ముఖం చూసి, సరే అంది. నాకు ఒళ్లు మండింది. ఇటుకలు మోసి పిల్లను పెంచింది ఈమె, చాప మీద కూర్చునేది వాళ్లా! రాత్రి చెక్క గోడ మీద కొట్టి అదే మాట అడిగాను. అవతల్నుంచి సాయమ్మ అంది:

"కూసొమ్మన్నకాడ కూసుంట అక్కా. వాసన కూసుంటదా?"

పూలు పండ్లు ఆదివారం సాయంత్రం పెట్టుకున్నారు. ఆదివారమంటే బొంబాయిలో పట్టాల మరమ్మతుల మెగాబ్లాక్, లోకల్ బండ్లు సగమే నడుస్తాయి. రాజవ్వ వాళ్లు దాదర్‌లో దిగి పూలు కొని, మళ్లీ బండెక్కి, కిక్కిరిసి, చెమటలు కక్కుతూ గ్రాంట్ రోడ్‌లో దిగారు. మా చాళ్ మెట్లెక్కి, గదిలో కూర్చుని, నీళ్లు తాగాక చూసుకుంటే పండ్ల బుట్ట ఉంది గానీ పూల సంచి లేదు. పెళ్లికొడుకే దాన్ని బండిలో పైన రాక్ మీద పెట్టి దిగిపోయాడు. తుషార్ తల నేలలోకి దిగిపోయింది. పూలు ఆఖరి స్టేషన్ చర్చ్‌గేట్ దాకా పోయి ఉంటాయి.

కిందికి పోయి కొనుక్కొద్దామంటే రాహుకాలం ముంచుకొస్తోంది. బాలయ్య గడియారం చూస్తూ చేతులు నలుపుకున్నాడు. అప్పుడే పరదా వెనక ఫుస్సుమని చప్పుడైంది. మళ్లీ ఫుస్సుమంది. ఒక్క గది ఇల్లు, పైగా పాతికమంది జనం. సంపెంగ వాసన అందరి మధ్యకూ వచ్చి కూర్చుంది.

రాజవ్వ గట్టిగా వాసన పీల్చింది. "పిల్లోళ్ల ఇంట్ల పూలున్నయి గదా! లోపట సంపెంగలు పెట్టుకొని గింత ఫికర్ ఎందుకు? గవే తెండి, రాహుకాలం రాకముందే పెడదం."

"పూలు కాదు, అగరొత్తులు" అన్నాడు బాలయ్య.

"అగరొత్తులకు గీ వాసనస్తదా?"

పరదా పక్కకు జరిగింది. చేతిలో పసుపుపచ్చ మూత సీసాతో సాయమ్మ నిలబడి ఉంది.

"పూలు కాదు వదినా, నేనే" అంది సాయమ్మ. "పిల్ల తల్లిని."

రాజవ్వ ఆమె బోసి నుదుటిని, చేతులను చూసింది. "ఒంట్ల బాగలేదన్నరు?"

"ఒళ్లు బాగనే ఉన్నది. మొగడు లేడు. గందుకే మోరీ కాడ కూసొమ్మన్నరు. ఇది గ్రాంట్ రోడ్ అని గూడ చెప్పి ఉంటరు. కామాటిపుర ఇది. మేం కామాటోళ్లం."

బాలయ్య భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సాయమ్మకూ భయం వేసింది. ఇక ఆమె చూపంతా కూతురి మీదే. సంబంధం పిల్లది, బతుకు పిల్లది. అది తల అడ్డంగా ఊపితే సాయమ్మ మళ్లీ పరదా వెనక్కు పోయేదే.

ప్రతీక్ష కూర్చున్న చోటే తల్లి వైపు వీపు తిప్పి, జడ ముందుకు వేసుకుని మెడ వంచింది.

సాయమ్మ నాలుగడుగులు వేసి వచ్చి కూతురి మెడ మీద, జడ పొడుగునా సంపెంగ కొట్టింది. కొట్టి రాజవ్వ వైపు తిరిగింది.

"మీ పూలు బండిల పోయినయి. నా పూలు నేను పెట్టిన. పండ్లు మీ చేతుల ఉన్నయి. పోస్తే పోయుర్రి. మనసొప్పకుంటే స్టేషన్ దగ్గర్నే, నేనే దిగబెట్టొస్త."

రాజవ్వ కొడుకు వంక చూసింది. వాడు తల ఎత్తి ప్రతీక్షనే చూస్తున్నాడు. రాజవ్వ పండ్ల బుట్ట ముందుకు లాక్కుంది.

"రాహుకాలమొస్తున్నది. ఒడి పట్టేది ఎవలు?" అంది.

బాలయ్య భార్య అలవాటుగా చెయ్యి చాచింది. సాయమ్మ సీసా మూత బిగించి రొంటిన దోపుకుంది.

"అక్కా, జరుగు. బావా, మీరు గూడ జర జరుగుర్రి. నేను కూసోవాలె."

తమ్ముడి భార్య తనను జరగమనడం బాలయ్య పుట్టి బుద్ధెరిగాక వినలేదు. అయినా జరిగాడు. చాప చిన్నది కావడంతో గోడకు ఆనుకునేదాకా జరిగాడు. సాయమ్మ కూతురి పక్కన మఠం వేసుకుని కూర్చుని, దాని కొంగు రెండు చేతులా పట్టింది. రాజవ్వ మొదట అరటిపండ్లు పెట్టింది, తర్వాత దానిమ్మలు, తర్వాత కొబ్బరికాయలు. ఒడి బాగా బరువైంది. అన్నేళ్లు ఇటుకలు మోసిన ఆ చేతులు కొంగును ఇంచు కూడా జారనివ్వలేదు.