అమీర్‌పేటలో ఎలుకైన నా కంగారూ

మాస్టర్స్ థీసిస్‌ను అమీర్‌పేటలో బైండింగ్ చేయించి, పంజాగుట్టలో వైవాకు పట్టుకెళ్ళాల్సినవాళ్ళు ఇది చదవండి. నా విషయం కంగారూలు. పొట్టసంచిలో పిల్లను పెంచే ఈ జంతువుల ఒంట్లో, జబ్బు చేసినప్పుడు కణం నుంచి కణానికి కబురు మోసే ప్రోటీన్లుంటాయి. వాటినే సైటోకైన్లు అంటారు, నా థీసిస్ వాటి మీదే. "హైదరాబాద్‌లో కంగారూ ఎక్కడిదమ్మా? ఎలుకలు తీసుకో, తొందరగా అయిపోతుంది" అని మా గైడ్ సార్ మొదటి రోజే అన్నారు. నేను వింటేగా! ఏడాదిపాటు కంప్యూటర్ ముందు కూర్చుని ఎలుకవీ కంగారూవీ ప్రోటీన్లలో అమైనో ఆమ్లాల వరుసలు పోల్చాను. వైవా మధ్యాహ్నం రెండింటికి. ఆలోగా పుస్తకం చేతిలో లేకపోతే ఏడాది పోయినట్టే.

పదిన్నరకు ఎస్.ఆర్. నగర్ హాస్టల్ నుంచి బయల్దేరాను. మెట్రోలో ఒక్క స్టేషనే కానీ, మెట్లెక్కి దిగేలోపు నడిచి చేరుకోవచ్చు. ముందురోజు ఫైల్ తీసుకున్న డీటీపీ షాపు సతీశన్న, నల్ల అట్టల పుస్తకాలు నాలుగు నా ముందు పెట్టాడు. అట్ట మీద బంగారు అక్షరాల్లో కంగారూ లేదు, ఎలుక ఉంది! లోపల కూడా ప్రతి పేజీలో ఎలుకే. నా పట్టికలో ఎలుక వరుస పక్కన మళ్ళీ ఎలుక వరుస.

"ఏందన్నా ఇది?"

"ఈడికొచ్చే ప్రాజెక్టులన్ని ఎలుకలే గద చెల్లె. అందరు పాత ఫైల్ మీదనే కొత్తది కొట్టిస్తరు, పాత పేర్లు లోపల మిగిలిపోతయి. నీది సుత గట్లనే అనుకొని ఒక్క దెబ్బకు కంగారులన్ని ఎలుకలు చేసిన. దానికి పైసల్ సుత తీసుకోలె."

నేను ఇంకా పేజీలు తిరగేస్తుంటే, "గిట్లనే పట్కపో, లోపల ఎవరు చదువుతరు?" అన్నాడు, ధైర్యం చెబుతున్నట్టే. నిజమే, గైడ్ సార్ కూడా సంతోషిస్తారు. ఒక్క నిమిషం ఆశపడ్డాను, అబద్ధమెందుకు. ఆ నిమిషం దాటాక మాత్రం ఒళ్ళు మండింది. "రెండిటికి తేడా ఏందన్నదే నా పని అన్నా! నేనిచ్చిన అసలు ఫైల్ మళ్ళ ప్రింట్ కొట్టు" అన్నాను. హార్డ్ బైండింగ్ గమ్ ఆరడానికి సాయంత్రమవుతుందన్నాడు. స్పైరల్ వెయ్యమన్నాను. కాలేజీలో ఒప్పుకోరన్నాడు. "ఒప్పుకోకుంటే నేను చూసుకుంట!" తప్పు తనదేనని సతీశన్న రెండోసారి డబ్బు తీసుకోలేదు. ఆ నాలుగు ఎలుక పుస్తకాల్లోంచి నా పేరున్న పేజీలు చింపి పారేశాకే అక్కణ్ణుంచి కదిలాను.

అప్పటికి ఒకటింబావు. ఎనభై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను. ఆటో నడిపే బోరబండ యూసుఫ్ భాయ్ నా ఒళ్ళో పుస్తకం మీది కంగారూ బొమ్మ అద్దంలో చూశాడు. "గీ జానవర్ నాకెర్కే అమ్మా. మా బిడ్డ ఏడో నెలల్నే పుట్టింది. దవాఖానల నర్సమ్మ, కంగారు లెక్క ఎదకు పెట్టుకో అన్నది. నెల దినాలు నేను, మా ఇంటామె మార్చి మార్చి పెట్టుకున్నం."

"ఇప్పుడెట్లుంది?"

"ఆరో క్లాసు. నా మాట జర సుత వినది!"

వైవా గదిలో గైడ్ సార్ స్పైరల్ చూసి ముఖం చిట్లించారు. బయటి కాలేజీ నుంచి పరీక్షించడానికి వచ్చిన మేడమ్ సూటిగా అడిగారు: "ఎలుకలుండగా ఇది ఎవరికమ్మా?"

"కంగారూ పిల్ల చిక్కుడు గింజంత పుడుతుంది మేడమ్. రోగాన్ని ఎదుర్కొనే అవయవాలు అప్పటికింకా తయారు కావు. తల్లి సంచి నిండా సూక్ష్మజీవులే. అయినా బతుకుతుంది. ఈ ప్రోటీన్లు తక్కువైతే రోగం గెలుస్తుంది. మితిమీరితే జ్వరం, వాపు, ఒళ్ళు చిక్కిపోవడం. ఎలుక కోసం చేసిన పరీక్షలతో వీటిని కొలవబోతే చాలాసార్లు దొరకవు, వరుసల్లో అంత తేడా ఉంది. నన్ను ఇక్కడ దింపిన ఆటో భాయ్ బిడ్డ నెలలు నిండకుండా పుట్టింది. అలాంటి పిల్లల గురించి ఆలోచించేవాళ్ళకైనా ఇది తెలియాలి. ఎలుకతో సరిపెట్టను మేడమ్."

మేడమ్ పట్టిక పేజీ తీసి చాలాసేపు చదివారు. తర్వాత సంతకం పెట్టారు. "సోమవారానికి గట్టి అట్ట వేయించి తే. అట్ట మీద పేరు మాత్రం ఇదే ఉండాలి."

సార్ గానీ, సతీశన్న గానీ నాకు చెడు తలపెట్టలేదు. నా మంచి కోరి ఎలుకను అంటగట్టారు. ఎదుటివాళ్ళు మంచివాళ్ళైనప్పుడే కాదనడం కష్టమని ఆ రోజు తెలిసింది. కష్టమైనా సరే, అనాల్సిందే.

మీకొక్క మాట. షాపుకు వర్డ్ ఫైల్ ఇవ్వకండి, పీడీఎఫ్ ఇవ్వండి. ఎవరెంత మంచివాళ్ళైనా మీ కంగారూ జోలికి పోలేరు.