బావ పేరున ఉన్న ఆట

కంప్యూటరు ఆటలు అమ్మే పెట్టెల బాబాయి నిజాయితీకి పోయి ఒక ఆట పోగొట్టుకున్నాడు. ఈ రోజుల్లో పెట్టెలో డిస్కు ఉండదు, కోడ్ అచ్చేసిన కాగితం ఒక్కటే ఉంటుంది. ఆ సంగతి కొనేవాళ్ళకి ముందే తెలియడం ధర్మమనుకుని, ఒక కొత్త పెట్టె సీలు విప్పి, కాగితం మీద గీకాల్సిన చోట గీకి, అద్దాల కిటికీలో వీధివైపు తిప్పి నిలబెట్టాడు. పక్కన "లోపల ఉండేది ఇంతే" అని అట్టముక్క కూడా పెట్టాడు. ఆయన భోంచేసి వచ్చేలోగా రోడ్డున పోయేవాళ్ళెవరో ఆ కోడ్ చదువుకుని తమ ఖాతాలో వేసేసుకున్నారు. సాయంత్రం ఒకాయన అదే పెట్టె కొనుక్కెళ్ళి, పనిచెయ్యట్లేదని ఫోను చేశాక గాని విషయం తెలియలేదు.

పక్క కొట్టు టైలరు పరుగెత్తుకొచ్చి కిటికీ అంతా కలయజూశాడు.

"ఏం పోయింది బాబాయ్? అన్నీ ఉన్నట్టే ఉన్నాయే!"

"అన్నీ ఉన్నాయి. ఆటే పోయింది."

"పైన పటారం, లోన లొటారం అంటే ఇదే కాబోలు," అని టైలరు పడీపడీ నవ్వాడు. బాబాయి మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు వెళ్ళి అట్టముక్క తీసేశాడు.

మునుపు ఆయన ఇలా ఉండేవాడు కాదు. డిస్కులోనే ఆట మొత్తం ఉన్న కాలంలో ఈ కొట్టు సందడిగా ఉండేది. ఒకరు ఆడేసి ఇంకొకరికి ఇచ్చేవారు, గీతలు పడిన డిస్కులు తెచ్చి పోట్లాడేవారు. తర్వాత డిస్కులో సగమే ఉండి మిగతాది ఇంటర్నెట్‌లోంచి దింపుకోవడం మొదలైంది. ఆఖరికి కాగితం మిగిలింది. ఒకసారి ఖాతాలో వేశారా, ఇక ఆ పెట్టె అలమరకి అందమే గాని ఎవరికిచ్చినా పనికిరాదు. ఇదంతా ఆయన ఓర్చుకున్నాడు. కిందటేడు బావ పోయాకే మనిషి మొద్దుబారిపోయాడు. టీ చల్లారినా తాగుతాడు, చక్కెర లేకపోయినా తాగుతాడు. ఏడవలేదు. ఏడవమని ఎవరైనా గుర్తుచేస్తే ఏడ్చేవాడేమో.

ఒక పొద్దున అక్క వచ్చింది, భుజాన పెద్ద సంచీతో. బల్ల మీద ఒక్కొక్క పెట్టే పేర్చింది. అన్నీ బావవే. ఒక్కదాని మీదా దుమ్ము లేదు.

"వీటిలో ఊరు కట్టే ఆట ఏదిరా?"

బాబాయి చూపించాడు.

"అందులో మీ బావ నా పేరున ఒక వీధి వేశారట. వచ్చి చూడవే, వచ్చి చూడవే అని ఒకటే గోల. పొయ్యి మీద కూర మాడుతోంటే వీధులేమిటని కసిరేదాన్ని. అదొక్కసారి చూపించు. చూసి వెళ్ళిపోతాను."

"కంప్యూటరు ఏదక్కా?"

"అదెందుకు? పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. సగం గది అదే ఆక్రమించుకునేది. ఆయన ఆటలు మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు!"

బాబాయి ఊరు కట్టే ఆట పెట్టె తన దగ్గరికి లాక్కున్నాడు. పెట్టెలోని కోడ్ తీసి తన కంప్యూటర్లో కొట్టాడు. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. అక్క కళ్ళజోడు సర్దుకుని చదివింది.

"'ఈ కోడ్ ఇప్పటికే మరొకరి ఖాతాలో ఉంది.' ఎవర్రా ఆ మరొకరు? మీ కిటికీ దొంగేనా?"

"బావే."

అక్క ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. "ఉంది అంటోందే," అంది మెల్లిగా.

బావ కట్టిన ఊరు పాత కంప్యూటరుతోనే పోయి ఉండాలి. అయితే ఖాతాలో ఒక నకలు మిగిలి ఉండచ్చు. దాన్ని తెరవాలంటే పాస్‌వర్డ్ కావాలి. అక్క తన పేరు చెప్పింది, కంప్యూటరు కాదంది. పెళ్ళిరోజు చెప్పింది, అదీ కాదు. "నీ ముద్దుపేరు కొట్టి చూడు, నువ్వంటే ఆయనకి ప్రాణం," అంది. అది కొట్టేసరికి, మరీ ఎక్కువసార్లు తప్పారని ఖాతా మూసుకుపోయింది. బాబాయి ఆట తయారుచేసిన కంపెనీకి రాశాడు, బావ పోయిన సంగతి కూడా రాశాడు. సంతాపం తెలుపుతూ మర్యాదగానే జవాబొచ్చింది: ఖాతా ఎవరి పేరున ఉంటే వారిదే, ఇంకొకరికి మార్చడం కుదరదు.

ఆ మాట చెప్పడానికి అక్కని మళ్ళీ కొట్టుకి పిలిచాడు. ఆమె విని, పెట్టెలన్నీ సంచీలో సర్దుకోవడం మొదలుపెట్టింది. ఊరు కట్టే ఆట పెట్టె చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల కాగితం కదిలింది.

"ఆయన నీ కొట్టుదాకా రాకుండా ఇంట్లో కూర్చునే ఈ ఆటలు కొనుక్కోవచ్చట కదరా, టైలరు చెప్పాడు. ఇంత ఖాళీ పెట్టె అంటగట్టేటప్పుడు, లోపల ఏమీ ఉండదని ఒక్క ముక్క చెప్పొద్దూ?"

"బావకి ప్రతిసారీ చెప్పానక్కా."